రోగులూ, ఉపవాసమూ



యూదులు తోరాను, అనగా మోషే ఐదు కాండములను, 54 భాగాలుగా చేసి, ప్రతి విశ్రాంతి దినమున సమాజమందిరంలో వరుసగా చదువుతూ ఏడాదిలో పూర్తి చేస్తారు. వాటిలో ‘అహరే మోత్’ అనే భాగం లేవీయకాండము 16 నుండి 18 అధ్యాయాల వరకు ఉంటుంది. రోగులు, వారి ఇంటివారు నేర్చుకోదగిన మంచి పాఠం అందులో ఉంది.

16వ అధ్యాయంలో ప్రాయశ్చిత్తార్థ దినమును గూర్చిన ఆజ్ఞ ఉంది. యూదులు దానిని ‘యోమ్ కిప్పూర్’ అంటారు. ఏడాది అంతటిలో వారికి అతి పరిశుద్ధమైన దినం అది. సుమారు 25 గంటలు అన్నం గాని, నీళ్లు గాని ముట్టరు.

అయితే అదే భాగంలో 18వ అధ్యాయం 5వ వచనం, దేవుని కట్టడలను గైకొనేవాడు వాటివలన బ్రతుకుతాడని తెలియజేస్తుంది. ఈ మాటను ఆధారం చేసుకొని, ప్రాణాపాయం ఉన్నచోట ఉపవాసం పక్కన పెట్టాలని రబ్బీలు బోధించారు. దీనిని ‘పికువాహ్ నెఫెష్’, అంటే ప్రాణరక్షణ అంటారు.

క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నాలో, ఆ దినమున రోగికి నిపుణుల మాట మీద భోజనం పెట్టాలని, నిపుణులు లేకపోతే రోగి మాట మీదనే పెట్టాలని ఉంది. వైద్యుడు తినమంటే, రోగి వద్దన్నా వైద్యుని మాటే వినాలని తల్ముదు చెబుతుంది. రోగి తనకు ఆహారం కావాలంటే, వైద్యుడు అక్కర్లేదన్నా రోగి మాటే వినాలి. ఎటు చూసినా తీర్పు ప్రాణం వైపే. అలా తిన్న రోగి ఆజ్ఞ మీరినవాడు కాడు, ఆజ్ఞను గైకొన్నవాడే.

మన సంఘాల్లో శ్రమల దినాలలో, ఉపవాస ప్రార్థనల సమయంలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఉదయం ఇన్సులిన్ వేసుకొని ఏమీ తినకుండా కూటానికి వెళ్లడం చాలా ప్రమాదం.

* షుగరు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టరు గారిని అడగకుండా ఉపవాసం ఉండవద్దు.
* మీ అంతట మీరు మందులు మానవద్దు, మోతాదు మార్చవద్దు.
* చెమటలు, వణుకు, గుండె దడ, తికమక షుగరు పడిపోయిన గుర్తులు. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. 15 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ తాగి, ఆస్పత్రికి రండి. తేరుకున్నాక భోజనం చేయండి.
* స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

ఇంటివారికి, సంఘ పెద్దలకు ఒక మనవి. జబ్బు మనిషి తిని కూటానికి వస్తే, విశ్వాసం తక్కువని అనవద్దు. ఆ మాటకు జంకి ఆకలితో కూర్చునేవారు ఉంటారు. “అమ్మా, మందు వేసుకున్నారా? ఏమైనా తిన్నారా?” అని మీరే ముందుగా అడగండి.