బొమ్మ వచ్చిందా?

పిల్లలూ, మీ అమ్మగాని నాయనమ్మగాని ఫోనులో సీరియల్ చూస్తూ ఉండగా పొయ్యి మీద పాలు పొంగినవనుకోండి. ఏం చేస్తారు? తెరను వేలితో ఒకసారి తాకుతారు. నోరు తెరచినవాడు తెరచినట్లే ఆగిపోతాడు. పాలు దించి, పొయ్యి తుడిచి, తాపీగా వచ్చి మళ్ళీ తాకితే అతగాడు మిగిలిన మాట పూర్తి చేస్తాడు. ఇవాళ తీరిక లేకపోతే రేపు చూడవచ్చు. రేపు కాకపోతే వచ్చే నెల.

ఇది ఇటీవలి సదుపాయం సుమా! మీ నాన్నలు చంకబిడ్డలుగా ఉన్న రోజుల్లో కథ మన కోసం ఆగేది కాదు. మనమే కథ కోసం కాచుకొని ఉండవలసి వచ్చేది. ఆదివారం ఉదయం 9.30కి మొదలయ్యేది, ముప్పావు గంట తిరగకముందే అయిపోయేది. చూచినవాడు చూచినట్టు, చూడనివాడు చూడనట్టు. ఆ కొద్దిసేపటి కోసం మా మక్తల్ ప్రాంతంలో జనం ఏమేం పాట్లు పడేవారో, ఆ పాట్లన్నిటి వెనుకా ఉన్న శాస్త్రం ఏమిటో మీకు చెబుతాను.

మొట్టమొదట ఈ ధారావాహిక నాటకాలు పుట్టింది అమెరికాలో, 1930 ప్రాంతంలో, రేడియోలో. పగటివేళ ఇంటిపని చేసుకొనే స్త్రీలు వినేవారు గనుక సబ్బుల కంపెనీలు ఖర్చు పెట్టుకొని వీటిని ప్రసారం చేయించేవి. అందువల్ల వీటికి ‘సబ్బు నాటకాలు’ అనే అర్థం వచ్చే పేరు పడింది. ‘గైడింగ్ లైట్’ అనేది 1937లో రేడియోలో మొదలై, 1952లో టెలివిజన్‌కు మారి, 2009లో గాని ముగియలేదు. 72 సంవత్సరాల కథ! మొదట విన్న పిల్లలకు మునిమనుమలు పుట్టి ఉంటారు.

మన దేశంలో అటువంటి మొదటి సీరియల్ ‘హమ్ లోగ్’. 1984 జూలై 7వ తేదీన దూరదర్శన్‌లో ప్రారంభమై, 1985 డిసెంబరు దాకా నడిచింది. ఒక సామాన్య కుటుంబం కష్టసుఖాలు అందులోని కథ. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ అనే సినిమా నటుడు వచ్చి నాలుగు మాటలు చెప్పేవాడు. ఆ సీరియల్‌కు ప్రేక్షకుల నుంచి 4 లక్షల దాకా ఉత్తరాలు వచ్చినవి. అయితే మా వైపు పల్లెలకు టెలివిజన్ జ్వరం నిజంగా పట్టింది 1987 జనవరి 25వ తేదీన. ఆ రోజు రామానంద సాగర్ తీసిన ‘రామాయణ్’ మొదలైంది.

ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉన్న మక్తల్ ఆనాడు మహబూబునగరం జిల్లాలో ఉండేది. పాలమూరు నుంచి రాయచూరు పోయే రహదారి మీది ఊరు. దక్షిణంగా పోయి కృష్ణ దాటితే కర్ణాటకం. ఇక్కడి పడమటి ఆంజనేయస్వామి గుడి పేరు ఎరగనివారు చుట్టుపక్కల ఉండరు. అటువంటిచోట హనుమంతుడు తెర మీద నడిచి వస్తాడంటే జనం ఊరుకుంటారా? ఆదివారం తెల్లవారకముందే జొన్నరొట్టెలు కొట్టడం, పశువులకు మేత వేయడం అయిపోయేది. కొందరు టెలివిజన్ పెట్టెకు పసుపుకుంకుమలు పెట్టి, ఊదుబత్తి వెలిగించి, చెప్పులు గడప బయట విడిచి కూర్చునేవారు. పెట్టె వేడెక్కితే పాడవుతుందని నేను చెబితే, పూలదండ మాత్రం కొంచెం పక్కకు జరిపేవారు.

ఇక బొమ్మ రావడం సంగతి. ఢిల్లీలో బయలుదేరిన బొమ్మ ఆకాశంలో 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఇన్సాట్-1బి ఉపగ్రహానికి పోయేది. ఈ ఉపగ్రహాన్ని 1983 ఆగస్టు 30వ తేదీన ఛాలెంజర్ అనే అమెరికా అంతరిక్ష నౌక మోసుకుపోయి పైన వదలింది. అక్కడి నుంచి బొమ్మ మళ్ళీ అంత దూరమూ దిగి, పట్టణాలలోని ప్రసార స్తంభాలకు చేరేది. 1984లో దూరదర్శన్ వారు ఇటువంటి చిన్న స్తంభాలను కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున నిలబెట్టారు. వీటి శక్తి 100 వాట్లు. అనగా, పూర్వం మన ఇళ్ళలో వేలాడిన ఒక గుండ్రటి బల్బుకు ఎంత శక్తి కావాలో అంతే!

చిత్రం చూడండి: 72,000 కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేకుండా వచ్చిన బొమ్మ, పట్టణం నుంచి మా ఊరికి రావడానికి మొరాయించేది. కారణం ఏమంటే, టెలివిజన్ తరంగాలు దాదాపు వెలుతురు మాదిరిగా తిన్నగా పోతవి. భూమి గుండ్రంగా ఉన్నది గదా! కొంత దూరం పోయేసరికి నేల కిందికి వంగిపోతుంది, తరంగం నెత్తిమీదుగా సాగిపోతుంది. 100 మీటర్ల ఎత్తు స్తంభం మీద నిలబడి చూస్తే రమారమి 36 కిలోమీటర్ల దాకా నేల కనబడుతుంది. తరంగాలు గాలిలో ఒకింత వంగుతవి గనుక ఇంకొంచెం దూరం పోవచ్చు. ఆపైన ఉన్నవాడు ఏం చేయాలి? తనే ఎత్తుకు ఎక్కాలి. 9 మీటర్ల ఇనుప గొట్టం చివర ఏంటెనా కడితే మరి 11 కిలోమీటర్లు కలిసివస్తుంది. ఈ లెక్క తెలియకుండానే మా ఊళ్ళవాళ్ళు బోరుబావి గొట్టాలు ఒకదాని కొకటి బిగించి, వేపచెట్టుకు కట్టి, నాలుగు వైపులా తీగలతో లాగి నిలబెట్టారు.

ఆ గొట్టం చివర చేప ముల్లు ఆకారంలో అల్యూమినియం కడ్డీలు ఉండేవి. ఈ ఏంటెనాను 1926లో జపానులో, సెందాయ్ నగరపు తోహోకు విశ్వవిద్యాలయంలో ఉదా, యాగి అనే ఇద్దరు కనిపెట్టారు. తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. అది సెకనుకు 20 కోట్లసార్లు ఊగేదైతే, ఒక్కొక్క ఊపు పొడవు 30ని 20 చేత భాగించగా వచ్చిన ఒకటిన్నర మీటరు. అందులో సగం, అనగా 75 సెంటీమీటర్ల కడ్డీ ఆ తరంగాన్ని బాగా అందుకొంటుంది. దాని వెనుక కొంచెం పొడుగు కడ్డీ ఒకటి ఉంటుంది. అది అద్దం మాదిరి తరంగాన్ని ముందుకు తిప్పికొడుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు తరంగాన్ని కూడదీసి లోపలికి పంపుతవి. అందుచేత ఈ ఏంటెనా ఎటు మొగం పెడితే అటు నుంచి వచ్చేదాన్నే బాగా పట్టుతుంది. ఒక చెయ్యి పక్కకు తిరిగితే బొమ్మ పోయి, తెర మీద ఇసుక రాలినట్లు చుక్కలు.

అందుకే ఆదివారం తొమ్మిదింటికి వీధి వీధినా ఒకటే కేకలు. మిద్దె మీద గొట్టం పట్టుకొని అన్న, ఇంట్లో తెర ముందు తమ్ముడు.

“వచ్చిందా?”

“రాలేదన్నా! ఇంక జర తిప్పు!”

“ఇప్పుడు?”

“ఆఁ, వచ్చింది, వచ్చింది... అయ్యో, పాయె! ఆడ్నే ఉండాలె, కదలొద్దు!”

పాలమూరు దిక్కు తిప్పి చూచేవారు, కాకపోతే రాయచూరు దిక్కు. కొన్నిచోట్ల మనిషి చెయ్యి వేసి పట్టుకొంటేనే బొమ్మ నిలిచేది. ఆ తమాషాకు కారణం ఏమంటే, మన శరీరం కూడా విద్యుత్తును పారనిస్తుంది గనుక తరంగాలను కొంత మార్చగలదు. పాపం, ఆ అన్నలు ఎంతమంది సీతాకల్యాణం జరిగినంతసేపూ ఎండలో మిద్దె మీదనే నిలబడ్డారో!

మరొక వింత. కొన్ని ఇళ్ళలో తెర మీద ఇద్దరు రాములు కనబడేవారు. అసలు రాముడి పక్కనే, కొంచెం కుడిగా, నీడవంటి రెండవ రాముడు! ఇది మాయ కాదు. ఒక తరంగం తిన్నగా వస్తుంది. మరొకటి దగ్గర గుట్టకు తగిలి తిరిగి వస్తుంది. ఆ చుట్టుదారి 300 మీటర్లు ఎక్కువైతే అది సెకనులో పదిలక్షలవ వంతు ఆలస్యంగా చేరుతుంది. అది ఒక లెక్కా అంటారా? టెలివిజన్ పెట్టె సెకనుకు 15,625 గీతలు గీసి బొమ్మ కడుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద ఆ రవ్వంత కాలంలోనే గీత 8 మిల్లీమీటర్ల దూరం పోతుంది. రెండవ రాముడు అక్కడ నిలబడతాడన్నమాట.

బొమ్మ కుదిరిన తరువాత కరెంటు పోయేది. ఇది ఎంత మామూలంటే, చాలా ఊళ్ళలో ముందే ట్రాక్టరు బ్యాటరీ విప్పి దగ్గర పెట్టుకొనేవారు. అటువంటి బ్యాటరీలో ఆరు గదులు. గదికి 2 వోల్టుల చొప్పున 12 వోల్టులు. చిన్న నలుపు తెలుపు పెట్టెలు చాలావాటికి వెనుక ఆ తీగ తగిలించే ఏర్పాటు ఉండేది. బ్యాటరీ సన్నగిల్లితే బొమ్మ నాలుగు అంచుల నుంచీ కుంచించుకుపోతూ వచ్చేది. యుద్ధం మధ్యలో వానరసేన అంతా అగ్గిపెట్టె అంత చోటులోకి వచ్చేదాకా చూచి, అప్పుడు నిట్టూర్చి లేచేవారు. బ్యాటరీని బండి మీద పట్టణానికి తీసుకుపోయి మళ్ళీ ఛార్జి చేయించడానికి ఇంటికింత అని పైసలు పోగుచేసేవారు.

ఆపైన భాష! ‘రామాయణ్’ హిందీలో ఉండేది. మా ఊళ్ళలో హిందీ బడిలో కొద్దిగా నేర్చిన పిల్లలకు తప్ప ఎవరికి వచ్చును? ఇక్కడ మా ప్రాంతపు చరిత్ర అక్కరకు వచ్చింది. 1948కి పూర్వం ఇది నిజాం రాజ్యం. చదువు ఉర్దూలో. ఆ చదువు చదివిన తాతలు 1987లో ఇంకా గట్టిగానే ఉన్నారు. హిందీ క్రియలు, విభక్తులు వారికి తెలుసు. కాని తెర మీది సంస్కృత పదాలు వారి ఉర్దూలో లేవు. ఆ పదాలేమో పురాణం విని పెరిగిన అవ్వలకు తెలుసు! తాత ఒక ముక్క, అవ్వ ఒక ముక్క అందిస్తే వాక్యం పూర్తయ్యేది. ఒక ఇంట్లో అలా ఒక ముసలాయన, ఒక ముసలమ్మ ప్రతి ఆదివారం కలిసి అర్థం చెప్పడం నేను విన్నాను. నేను విన్న వ్యాఖ్యానాలలో అంత రసవత్తరమైనవి తక్కువ.

అయితే అందరూ ఆ ఇంట్లోకి రాగలిగారా? ఈ మాట దాచిపెట్టడం నాకిష్టం లేదు. ఊరికి ఒకటి రెండు పెట్టెలు ఉన్నప్పుడు, గొంగడి పరిచి అందరినీ కూర్చోబెట్టిన ఇళ్ళు ఉన్నవి. కులం చూచి వాకిట్లోనే నిలబెట్టిన ఇళ్ళూ ఉన్నవి. కిటికీ చువ్వలు పట్టుకొని, ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి చూచిన పిల్లలను నేను ఎరుగుదును. సోమవారం బడిలో వాళ్ళే కథ అందరికంటే బాగా చెప్పేవారు. ఒక్క ముక్క పోకుండా చూచేవారు మరి.

అంతకు పన్నెండేళ్ళ ముందు జరిగిన ఒక ఏర్పాటు ఈ విషయంలో నాకు ఎంతో నచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశం అమెరికా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదిపాటు వాడుకొని, ఆరు రాష్ట్రాలలో 2,400 పల్లెలకు టెలివిజన్ చూపించింది. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి. ఆ పెట్టెలు హైదరాబాదులోని ఈసీఐఎల్ తయారుచేసింది. కోళ్ళ గూటికి అల్లే ఇనుప జాలీతో పది అడుగుల గొడుగులాంటి ఏంటెనాలు కట్టారు. వాటిని ఎవరి ఇంట్లోనూ పెట్టలేదు. బడివంటి ఊరుమ్మడి చోట పెట్టారు. గడప దాటనివ్వకపోవడానికి అక్కడ ఎవరి గడపా లేదు.

‘రామాయణ్’ 1988 జూలై 31వ తేదీన పట్టాభిషేకంతో ముగిసింది. అప్పుడు పంజాబులోని జలంధరులో ఒక విశేషం జరిగింది. అక్కడి పారిశుద్ధ్య కార్మికులు పని మానేశారు. జీతం కోసం కాదు, లవకుశుల కథ కూడా చూపించాలని! వారిలో చాలామందికి వాల్మీకి మహర్షి ఆరాధ్యుడు. సీతకు ఆశ్రయమిచ్చి లవకుశులకు విద్య నేర్పిన ఆ ముని కథే లేకపోతే ఎట్లా అని వారి ఆవేదన. సమ్మె ఉత్తరాదిన ఇతర నగరాలకు కూడా పాకింది. చివరకు ఉత్తరకాండ తీయక తప్పలేదు. 1963 నాటి ‘లవకుశ’ సినిమా చూచి కన్నీరు పెట్టిన మన తెలుగువాళ్ళకు వారి పట్టుదల బాగా అర్థమవుతుంది.

ఆ తరువాత 1988 అక్టోబరు 2 నుంచి ‘మహాభారత్’ వచ్చింది. అటు పిమ్మట పెట్టెలు పెరిగినవి, ఇంటింటికీ కేబులు తీగ వచ్చింది. 1995 ఆగస్టు 27వ తేదీన ఈటీవీ మొదలైంది. ‘ఋతురాగాలు’, ‘అంతరంగాలు’, ‘చక్రవాకం’ వంటివి తెలుగులోనే రావడంతో దుబాసీల పని పోయింది. అమెరికా వెళ్ళిన మనవాళ్ళు మాత్రం అప్పటికింకా వీడియో క్యాసెట్లు తెప్పించుకొని చూస్తుండేవారు. మన క్యాసెట్టు అక్కడి మామూలు పెట్టెలో ఆడేది కాదు. మనది సెకనుకు 25 బొమ్మలు, బొమ్మకు 625 గీతలు; వారిది 30 బొమ్మలు, 525 గీతలు. దాన్ని మార్పించడం మళ్ళీ ఒక ఖర్చు.

2020 మార్చిలో కరోనా వల్ల అందరూ ఇళ్ళలో ఉండిపోయినప్పుడు దూరదర్శన్ ‘రామాయణ్’ మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16 నాటి భాగాన్ని 7.7 కోట్లమంది చూచారని ఆ సంస్థ ప్రకటించింది. ఈసారి మిద్దె ఎక్కి గొట్టం తిప్పే పని లేకపోయింది. 2022 నాటికి ఆ పాతకాలపు స్తంభాలు దాదాపు అన్నీ మూతపడినవి కూడా.

కాని చేప ముల్లు ఏంటెనాలు కొన్ని పాత మిద్దెల మీద ఇంకా తుప్పుపట్టి నిలిచే ఉన్నవి. మీ ఊళ్ళో ఒకటి కనబడితే, పెద్దవారిని వెంటబెట్టుకొని దగ్గరకు పోయి చూడండి. దగ్గరలో కరెంటు తీగలుంటే మాత్రం వద్దు. తీగ తగిలించిన కడ్డీ పొడవు కొలిచి రెండింతలు చేయండి. 30 కోట్ల మీటర్లను దానిచేత భాగిస్తే, అది సెకనుకు ఎన్నిసార్లు ఊగే తరంగం కోసం చేసినదో తెలుస్తుంది. తరువాత పొట్టి కడ్డీల కొస ఏ దిక్కుకు ఉన్నదో దిక్సూచితో గుర్తించి, జిల్లా పటం మీద మీ ఊరి నుంచి ఆ దిక్కుగా ఒక గీత గీయండి. ఆ గీతకు ఏ పట్టణం తగులుతుందో చూచి, ఆ ఇంటి ముసలివారిని అడగండి: గొట్టం పట్టుకొని పైన నిలబడింది ఎవరు?