క్లివ్‌డన్ సౌధము

లండను నగరమునకు పడమట సుమారు 25 మైళ్ల దూరమున, బకింగ్‌హాంషైరులో, థేమ్సు నది ఒడ్డున నిటారుగా లేచిన సుద్దరాతి గుట్ట యొకటి కలదు. నదికంటె 130 అడుగుల యెత్తున, ఆ గుట్టపై క్లివ్‌డన్ అను సౌధము నిలిచియున్నది. నేడది హోటలు. సొమ్ము చెల్లింపగలవారెవరైనను అందు బస చేయవచ్చును. కాని సుమారు మూడువందల యేండ్లు అది ప్రభువుల నివాసము. పిలువనివారికి ఆ యింటి గడప దాటు భాగ్యము లేకుండెను.

ఇంగ్లండులోని ప్రభువులకు లండనులో నొక యిల్లు, పల్లెపట్టున నొక సౌధము ఉండుట పూర్వాచారము. చుట్టునున్న పొలములపై వచ్చు కౌలుతో ఆ సౌధము నడచెడిది. వంటవారు, తోటమాలులు, గుఱ్ఱపువాండ్రు, పరిచారికలు మొదలగు సేవకజనము దానిని కనిపెట్టుకొని యుండెడివారు. క్లివ్‌డన్‌ను మొదట కట్టించినవాడు రెండవ బకింగ్‌హాం డ్యూకు జార్జి విలియర్సు. 17వ శతాబ్దపు ద్వితీయార్ధమున ఆతడు గుట్ట తలను చదును చేయించి, 400 అడుగుల పొడవున ఇటుక కమానులతో ఎత్తయిన అరుగు కట్టించి, దానిపై భవనమును నిలిపెను. ఇంటికంటె ఆ అరుగే గట్టిదని కాలము తరువాత నిరూపించినది.

డ్యూకు గతించిన పిమ్మట ఆ యిల్లు ఆర్క్నీ ప్రభువుల వశమాయెను. వారియొద్ద దానిని అద్దెకు తీసికొని కొంతకాలము నివసించినవాడు యువరాజు ఫ్రెడరిక్కు. 1740 ఆగస్టు 1వ తేదీన ఆతని యెదుట ఇచ్చట నొక సంగీతరూపకము ప్రదర్శింపబడెను. సముద్రములపై బ్రిటను పెత్తనమును చాటు 'రూల్ బ్రిటానియా' గీతము మొట్టమొదట వినబడినది ఆనాడే. తరువాత లోకమంతట మ్రోగిన ఆ పాట పుట్టినది ఒక తోటలో, కొలదిమంది అతిథుల నడుమ!

1795లో పరిచారిక చేతి క్రొవ్వొత్తి ఒకటి ఒరిగి పడెనట. నిప్పంటుకొని నడిమి భవనము కాలిపోయెను. సుమారు 30 ఏండ్లు అది శిథిలముగానే యుండెను. మరల కట్టిన యిల్లు 1849లో సదర్లండు డ్యూకు కొన్న కొలది కాలమునకే రెండవమారు దగ్ధమయ్యెను. ఆ పొగను విక్టోరియా రాణి విండ్సరు కోటనుండి చూచి, మంటలార్పు యంత్రములను పంపించెనని చెప్పుదురు. రెండు మారులును అరుగు మాత్రము చెక్కుచెదరలేదు. ఆనాడు లండనులో పార్లమెంటు భవనమును నిర్మించుచున్న చార్లెసు బారీయే దానిపై ఇటలీ దేశపు రీతిలో మూడంతస్తుల సౌధమును లేపెను. నేడు మనము చూచునది అదియే. దాని ప్రక్క 1861లో 100 అడుగుల గడియారపు గోపురము వెలసెను. చూచువారు దానిని అలంకారమని భ్రమింతురు గాని, దాని కడుపులో నున్నది ఇంటికి కావలసిన నీళ్లతొట్టి.

1893లో విలియం వాల్డార్ఫ్ ఆస్టరు ఈ యెస్టేటును కొనెను. ఆయన అమెరికా వాడు. ఆయన ముత్తాత ఉన్నితోళ్ల వర్తకమునను, న్యూయార్కు నగరపు నేలల కొనుగోలునను కోట్లు గడించెను. అంతవరకు తమ ప్రాంతమని తిరుగుచున్న ఇరుగుపొరుగువారికి అడ్డముగా ఈయన యెస్టేటు చుట్టును గోడ పెట్టించెను. దానితో వారు ఆయన పేరును విరిచి 'వాల్డ్ ఆఫ్ ఆస్టరు' అని పిలువసాగిరి. 'గోడ కట్టుకొని ఎడముగా నున్నవాడు' అని దాని భావము. పరిహాసమైనను అందు నొప్పి లేకపోలేదు.

1906లో ఆయన కుమారుడు వాల్డార్ఫునకు వివాహమయ్యెను. తండ్రి ఈ సౌధమునే పెండ్లి కానుకగా నిచ్చెను. కోడలు నాన్సీ కూడ అమెరికా వనితయే. 1919లో ప్లిమత్తు నగరమునుండి ఎన్నికయై, బ్రిటిషు పార్లమెంటులో ఆసనమును స్వీకరించిన మొదటి స్త్రీ ఈమె. అంతకుముందు సంవత్సరమే మరియొక స్త్రీ ఎన్నికయ్యెను గాని, ఆమె సభకు పోలేదు. 18 ఏండ్లు నిండని వారికి మద్యము అమ్మరాదను చట్టమును 1923లో తెచ్చినది నాన్సీయే. ఆమె విందులకు బెర్నార్డు షా, చార్లీ చాప్లిన్ మున్నగువారు వచ్చెడివారు. 1930 తరువాతి యేండ్లలో ఇచ్చట చేరు పెద్దలు హిట్లరుతో రాజీ కోరుచున్నారని పత్రికలు నిందించుటయు కలదు.

1914లో యుద్ధము రాగా, ఆస్టరు దంపతులు తమ స్థలమును సైనికుల వైద్యమునకు ఇచ్చిరి. కెనడా రెడ్‌క్రాసు వారు టెన్నిసు ఆటస్థలమున ఆసుపత్రి కట్టిరి. నాన్సీ గాయపడిన వారి మంచముల చెంతకు వచ్చి పరామర్శించెడిది. కోలుకొనని వారికి ఆ యింటి తోటలోనే, పల్లమైన ఒక పూలవనమున, సమాధులు ఏర్పడినవి. విందులు జరిగిన ప్రాంగణమున పలువురు పరదేశపు సైనికులు నిద్రించుచున్నారు. నాకు తోచినంతవరకు ఆ యెస్టేటులో మొదట చూడదగినది ఆ చోటే.

యుద్ధముల పిమ్మట ఇట్టి సౌధములకు గడ్డుకాలము వచ్చెను. కౌలు తగ్గెను; యజమాని మరణించినపుడు వారసులు చెల్లింపవలసిన పన్ను పెరిగెను; సేవకులు దొరకుట అరుదయ్యెను. ఇంగ్లండులో వందలకొలది సౌధములు పడగొట్టబడినవి. చారిత్రక స్థలములను కాపాడుటకై 1895లో నేషనల్ ట్రస్టు అను సంస్థ ఏర్పడియుండెను. 1942లో ఆస్టరులు క్లివ్‌డన్‌ను, దాని పోషణకై 2,50,000 పౌనుల నిధిని ఆ సంస్థకు సమర్పించిరి. తమ కుటుంబము అందు నివసింపవచ్చుననునది ఒక్కటే నియమము. వారు పిమ్మట వెడలిపోయిరి. తరువాత కొన్నేండ్లు అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థులు ఆ గదులలో చదువుకొనిరి. 1985 నుండి అది హోటలు. భూమియు కట్టడమును ట్రస్టువే. హోటలు వారు కౌలుదారులు. ప్రభువుల యింట పరుపులు అద్దెకిచ్చుట కొందరికి చిన్నతనముగా తోచెను. కాని కప్పు కారకుండ నుండవలెనన్నచో ఎవరో ఒకరు సొమ్ము చెల్లింపవలయును గదా! ఉద్యానములలోనికి మాత్రము ప్రవేశ రుసుము చెల్లించి ఎవరైనను పోవచ్చును. ఒకనాడు గోడ అడ్డుపడిన చోటనే నేడు పిల్లలు పరుగులు తీయుచున్నారు.

అరుగు దిగువను చెక్కడపు రాతి పిట్టగోడ యొకటి యున్నది. దానిని 1896లో ఆస్టరు రోము నగరపు బోర్గేసె తోటనుండి కొని తెప్పించెను. 2004లో దానిని శుభ్రపరచుచుండగా వ్రేలిగోరంత నత్తలు కొన్ని కనబడినవి. అవి మధ్యధరా ప్రాంతపు జాతివి. శతాబ్దమునకు పూర్వము ఆ రాళ్లతోకూడ ఓడ యెక్కి వచ్చి, ఆస్టరులకును తెలియకుండ, అచ్చటనే కాపురమున్నవి.