మానేసిన తర్వాతే అసలు డేంజర్: ఓపియాయిడ్ అడిక్షన్ గురించి తెలుసుకుందాం

ఈరోజు టాపిక్ కొంచెం సీరియస్. "రెండు వారాలు సెంటర్‌లో పెట్టాం, మానేశాడు, ఇంక భయం లేదు" అని ఇళ్లల్లో అనుకుంటూ ఉంటారు. ఓపియాయిడ్స్ విషయంలో ఆ మాట ప్రాణం మీదకి తెస్తుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం. ముందే చెప్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, డాక్టర్ని కాదు. ఏ మందైనా మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్‌ని అడిగాకే.

అసలు ఓపియాయిడ్స్ అంటే ఏంటి? మన వంటింట్లో గసగసాలు ఉంటాయి కదా, ఆ మొక్క పచ్చికాయకి గాటు పెడితే పాలు కారతాయి. అవి ఎండితే నల్లమందు. అందులోంచి వచ్చేవే మార్ఫిన్, కోడీన్. మార్ఫిన్‌ని మార్చి చేసేది హెరాయిన్. ట్రమడాల్, ఫెంటనిల్ లాంటివి ల్యాబ్‌లో తయారవుతాయి. గంజాయి ఈ లిస్టులోకి రాదు, అది వేరే కథ. కూరలో వేసే గసగసాలకి కూడా భయపడక్కర్లేదు.

ఇదేదో అమెరికా సమస్య అనుకోకండి. 2019లో వచ్చిన ఎయిమ్స్ సర్వే ప్రకారం మన దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసు వాళ్లలో సుమారు 2.26 కోట్ల మంది ఓపియాయిడ్స్ వాడుతున్నారు. వాళ్లలో దాదాపు 77 లక్షల మందికి సహాయం అవసరం. అందరూ హెరాయిన్‌తోనే మొదలుపెట్టరు. కొందరికి దగ్గు సిరప్, ఇంకొందరికి నొప్పి మాత్ర. అందుకే 2018లో ట్రమడాల్‌ని కూడా ఎన్‌డీపీఎస్ చట్టం కిందకి తెచ్చారు. అలాగని ఆపరేషన్ తర్వాత డాక్టర్ రాసిన మందు చూసి కంగారు పడొద్దు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ నిజంగా వరం. చెప్పిన డోసులో, చెప్పినన్ని రోజులు వాడాలి, అంతే.

ఇప్పుడు మెదడులో ఏం జరుగుతుందో చూద్దాం. నొప్పిని తగ్గించడానికి మన ఒంట్లోనే ఎండార్ఫిన్స్ తయారవుతాయి. అవి కూర్చునే సీట్లలోనే ఓపియాయిడ్స్ కూడా వచ్చి కూర్చుంటాయి, కాకపోతే చాలా గట్టిగా. నొప్పి పోతుంది, హాయిగా ఉంటుంది, ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. రోజూ ఇదే జరిగితే మెదడు అలవాటు పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నుంచి ఇంట్లోకి వస్తే కాసేపు ఏమీ కనపడదు కదా? ఇల్లు చీకటిగా లేదు, కళ్లే ఎండకి సెట్ అయిపోయాయి. ఇదీ అలాంటిదే. పాత డోసు పనిచేయదు, ఇంకా ఎక్కువ కావాలి.

ఒక్కసారిగా ఆపేస్తే? ఒళ్లంతా నొప్పులు, వాంతులు, విరేచనాలు, చలి, నిద్ర ఉండదు. హెరాయిన్ లాంటి వాటికి మొదటి రెండు మూడు రోజులు నరకం, వారం పది రోజుల్లో తగ్గుతుంది. అప్పటికి వాడేది మత్తు కోసం కాదు, ఆ బాధ తప్పించుకోవడం కోసం. అందుకే "కాస్త గట్టిగా అనుకుంటే మానేయొచ్చు కదా" అన్న సలహా పనిచేయదు.

ఇక అసలు పాయింట్. ఆ పది రోజులు గడిచేసరికి ఒంటికి ఉన్న అలవాటు తగ్గిపోతుంది. కానీ కోరిక అలాగే ఉంటుంది, పాత ఫ్రెండ్స్, పాత సందు అలాగే ఉంటాయి. ఒక్కసారి కాలు జారి పాత డోసే తీసుకుంటే, ఒకప్పుడు తట్టుకున్న ఆ డోసే ఇప్పుడు ఊపిరి ఆపేయగలదు. సెంటర్ నుంచో, జైలు నుంచో బయటికొచ్చిన మొదటి వారాలు అందుకే చాలా ప్రమాదం. డీటాక్స్ తలుపు లాంటిది, ట్రీట్‌మెంట్ ఆ తలుపు దాటాక మొదలవుతుంది.

ఆ ట్రీట్‌మెంట్‌లో ముఖ్యమైనవి రెండు మందులు, బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్. రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల లిస్టులో ఉన్నాయి, రెండూ ఇండియాలో వాడుతున్నారు. బ్యూప్రెనార్ఫిన్ నాలుక కింద పెట్టుకునే మాత్ర. అవే సీట్లలో కూర్చుంటుంది కానీ సగమే పనిచేస్తుంది. కోరిక, ఒళ్లునొప్పులు తగ్గుతాయి, మనిషి పనికి వెళ్లగలడు. మూడోది నాల్ట్రెక్సోన్. ఇది సీట్లని పూర్తిగా బ్లాక్ చేస్తుంది, కాబట్టి ఒంట్లో ఓపియాయిడ్ లేకుండా పోయాకే మొదలుపెడతారు.

"ఒక మత్తు పోయి ఇంకో మత్తు వచ్చింది, అంతేగా?" అని అడుగుతారు. షుగర్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మాత్రలు వేసుకుంటే ఇలా అడుగుతామా? మొదటి రెండు మందులూ వాడుతున్నంత కాలం చనిపోయే రిస్క్ దాదాపు సగానికి తగ్గుతుందని చాలా దేశాల స్టడీల్లో తేలింది. నెలలు, కొందరికి ఏళ్లు పట్టొచ్చు. తోడుగా కౌన్సెలింగ్, ఏదో ఒక పని, ఇంట్లోవాళ్ల ఓపిక కావాలి. మళ్లీ జారితే ట్రీట్‌మెంట్ ఫెయిల్ అయినట్టు కాదు, మార్చాల్సిన టైమ్ వచ్చినట్టు.

"హాస్పిటల్‌కి వెళ్తే పోలీసులకి చెప్పేస్తారేమో" అని చాలామందికి భయం. ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పెట్టినా, ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా ట్రీట్‌మెంట్‌కి వెళ్లి పూర్తి చేస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరుకుతుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి.

మొదటి అడుగు ఒక ఫోన్ కాల్. డ్రగ్ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. టెలీ మానస్ 14416, ఇందులో తెలుగులో కూడా మాట్లాడొచ్చు. లేదా దగ్గర్లోని ప్రభుత్వ హాస్పిటల్‌లో సైకియాట్రీ విభాగానికి వెళ్లండి. గొలుసులతో కట్టేసే, కొట్టే సెంటర్లకి మాత్రం ఎవర్నీ పంపకండి, అది వైద్యం కాదు.

ఇంకొక్కటి గుర్తుపెట్టుకోండి. మనిషి పిలిచినా పలకట్లేదు, ఊపిరి బాగా నెమ్మదించింది, పెదాలు నీలంగా మారాయి, కంటిపాప సూదిమొనంత అయిందంటే అది ఓవర్‌డోస్. వెంటనే 108కి కాల్ చేయండి. ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆగిపోతే 108 వాళ్లు ఫోన్‌లో చెప్పినట్టు చేయండి. ఒంటరిగా వదలొద్దు. ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. నలాక్సోన్ అనే ఇంజెక్షన్ టైమ్‌కి పడితే ఊపిరి తిరిగొస్తుంది.

మీ ఫ్రెండ్ ఎవరైనా ఈమధ్యే మానేసి ఇంటికొచ్చి ఉంటే, ఈరోజే ఒకసారి ఫోన్ చేసి, "మందులు వేసుకుంటున్నావా, మళ్లీ డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్దాం?" అని అడగండి. వీలైతే తోడు కూడా వెళ్లండి. మళ్లీ నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.