మన తీరమునందలి నల్లయిసుక

బియ్యము గాలించుట మన యిండ్లలో నిత్యకృత్యము. నీటిలో త్రిప్పగా తేలికయైన గింజ నీటితో జారును; బరువైన రాయి గిన్నె యడుగున నిలుచును. భావనపాడు, కళింగపట్నము, శ్రీకూర్మము, పూసపాటిరేగ తీరములయందు సముద్రుడు చేయుచున్నదియు నీ పనియే. తూర్పు కనుమల రాళ్లు ఎండకు వానకు అరిగి పొడియై, వంశధార, నాగావళి మొదలగు నదులవెంట సముద్రమును చేరును. అలలు తేలిక రేణువులను వెనుకకు లాగికొని, బరువైనవానిని గట్టున విడిచిపోవును. ఒడ్డున చారలు చారలుగా కనబడు నల్లయిసుక యిట్లేర్పడినదే.

ఇందలి నలుపు ముఖ్యముగా ఇల్మెనైటుది. గోడలకు వేయు తెల్లరంగునకు మూలమైన టైటానియము దీనినుండియే లభించును. ఎరుపు గార్నెట్టుది. వీని నడుమ మిక్కిలి స్వల్పముగా తేనెవన్నె గల మోనజైటు రేణువులుండును. మోనజైటులో నూటికి 55 నుండి 60 పాళ్లు విరళ మృత్తికల ఆక్సైడులు. 8 నుండి 10 పాళ్ల వరకు థోరియము సంబంధమైనది. కొలదిగా యురేనియమును గలదు.

ఇది మనకు కేవలము క్రొత్త వస్తువు కాదు. వెనుకటి పెండ్లిండ్లలో ఊరేగింపు ముందు నడచిన పెట్రోమాక్సు దీపమును పెద్దలు మరచియుండరు. ఆ దీపపు మాంటిలులో నూటికి 99 పాళ్లు థోరియము ఆక్సైడు, ఒక పాలు సీరియము ఆక్సైడు ఉండెడివి. ఈ కూర్పును వియన్నా నగరవాసియగు వెల్స్‌బాఖ్ 1891లో కనిపెట్టెను. ఆ మాంటిళ్ల కొరకే మోనజైటునకు గిరాకి పుట్టినది. తిరువాన్కూరునుండి వచ్చిన కొబ్బరిపీచునకు అంటికొనియున్న ఇసుకలో షాంబర్గ్ అను జర్మను రసాయనవేత్త 1909లో దానిని గుర్తించెను. మన దేశపు మోనజైటు లోకమునకు తెలిసినది అట్లే.

స్వాతంత్ర్యానంతరము 1949 జూలై 29న డి. ఎన్. వాడియా నేతృత్వమున అరుదైన ఖనిజముల సర్వే శాఖ యొకటి ఏర్పడెను. నేడు హైదరాబాదు ప్రధాన స్థానముగా గల అణు ఖనిజ అన్వేషణ సంస్థ దాని పెరుగుదలయే. దీని ఉద్యోగులు తీరము పొడవున గళ్లు గీచినట్లు స్థలములు నిర్ణయించి, గొట్టములు దింపి, లోతులనుండి ఇసుక తీసి, గాలించి, తూచి, అయస్కాంతముతో వేరుచేసి లెక్క కట్టుదురు. గాలించుట యను మాటకు వెదకుటయు, కడిగి వేరుచేయుటయు అను రెండర్థములును ఇచ్చట నొక్కటే యగుచున్నవి. ఆ లెక్క ప్రకారము దేశమునందలి మోనజైటు సుమారు 1 కోటి 31 లక్షల టన్నులు; అందు 37 లక్షల 80 వేల టన్నులతో ఆంధ్రప్రదేశమే ప్రథమ స్థానమున నున్నది.

నేడు దీని యక్కర దీపముతో తీరునది కాదు. విరళ మృత్తికలలో నొకటియగు నియోడిమియముతో చేసిన చిన్న అయస్కాంతములు చేతిఫోనులోను, విద్యుత్ బండ్లలోను, గాలిమరలలోను ఉన్నవి. 2025 ఏప్రిల్‌లో చైనా వీని యెగుమతిపై ఆంక్షలు విధింపగా అనేక దేశముల కర్మాగారములు ఇబ్బంది పడినవి. ఇచ్ఛాపురము దాటిన గంజాం జిల్లాలోని ఛత్రపురమున మోనజైటునుండి విరళ మృత్తికలను తీయుచున్నారు. విశాఖపట్టణమున అయస్కాంతముల కర్మాగారము 2023 మే నెలలో జాతికి అంకితమైనది. కావున ఈ యిసుక వ్యర్థపదార్థమని మే మనజాలము.

అయినను ఆ యిసుకమీద ఏమున్నదో గూడ లెక్కింపవలెను. దానిమీద సరుగుడు తోటలున్నవి, జాలరుల యిండ్లున్నవి, చెలమలున్నవి. శ్రీకూర్మనాథుని కోవెలకు చేరువనున్న తీరమున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. తీరమునందలి ఇసుకదిబ్బలు అట్టి వేళ అలల కడ్డుగా నిలుచునవి. మోనజైటు స్వల్పము గనుక, కొలది ఖనిజమునకై విస్తారమైన ఇసుకను కదల్పవలసియుండును.

ఈ యిసుక మన పిల్లలకు హాని చేయునా యని తల్లులు భయపడుట సహజము. థోరియము కిరణములు వెలువరించునని 1898లో నిరూపించినవారిలో మేరీ క్యూరీ యొకరు. కేరళమున కరునాగపల్లి తీరవాసులు తరతరములుగా మోనజైటు ఇసుకపై నివసించుచున్నారు. వారిని గూర్చి 2009లో వెలువడిన పరిశోధనలో ఆ కిరణములవలన క్యాన్సరు పెరిగినట్లు కానరాలేదు. తాకని ఇసుకను చూచి భయపడనక్కరలేదు. త్రవ్వి, వేరుచేసి, శేషమును ఎచ్చట నుంచుదురన్నది మాత్రము వేరు ప్రశ్న. కడప ప్రాంతమున తుమ్మలపల్లె యురేనియము గని చుట్టుపట్ల వారు తమ బోరునీటిని గూర్చి మొరపెట్టుకొనిరి. ఉద్దానమున మూత్రపిండ వ్యాధికి కారణమే యింకను తేలలేదు. అట్టి సీమలో నీటిని గూర్చి స్త్రీలడుగు ప్రశ్న ఊరక పుట్టినది కాదు.

ఆ ప్రశ్న నడుగుటకు 2006 నాటి నియమముల ప్రకారము ప్రజాభిప్రాయసేకరణ సభ యొకటి యుండెడిది. 2025 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ అణు ఖనిజముల గనులకు ఆ సభ నుండి మినహాయింపు నిచ్చినది. దేశమునకు ఖనిజము త్వరగా కావలసియుండవచ్చును. కాని నీళ్లు మోయునామె మాట వినుటకు పట్టు కాలము గొప్ప ఆలస్యము కాదని మా యభిప్రాయము.

సోదరీమణులారా! సభ లేకున్నను గ్రామసభ యున్నది. గొట్టములు దింపువారు మీ యూరికి వచ్చినపుడు వారిని శత్రువులుగా చూడవలదు. ఎంత లోతు త్రవ్వుదురు, దిబ్బను తిరిగి యెట్లు పోయుదురు, మంచినీటి బావికేమి పూచీ, శేష మెచ్చటికి పోవును అని అడిగి, జవాబును వ్రాతమూలముగా పుచ్చుకొనుడు. బియ్యము గాలించునపుడు రాయి దొరకినదను సంతోషమున గింజలను పారబోసికొను ఇల్లాలు లేదు. ఈ పనియందును ఆ జాగ్రత్తయే కావలెను.