చిత్రమును దిద్దు విద్య

పూర్వము ఛాయాచిత్రకారుడు ముఖముపైని మచ్చలను నెగెటివుమీద సన్నని పెన్సిలుతో దిద్దెడివాడు. అచట గీసిన నలుపు కాగితముపై తెలుపగును. ఆ నేర్పు స్టూడియో గడప దాటెడిది కాదు. కంప్యూటరుపై చిత్రములను దిద్దు ఫొటోషాప్ 1990లోను, వీడియోలను లోకమునకు చూపు యూట్యూబు 2005లోను వెలువడినవి. నేడు మదనపల్లె ఛాయాచిత్రకారుడు హార్స్‌లీ కొండల మంచులో మసకబారిన చిత్రమున నీడలను ముదురుచేసి అంచులను తేటపరచు తీరును వీడియోగా పంచినచో, కుప్పములోని బాలుడును ఇంటనే నేర్చుకొనగలడు.

కాని ఈ విద్యకు ఒక హద్దు కలదు. పుంగనూరు ఆవు పొట్టిజాతి. ఎత్తు సుమారు మూడడుగులే. చిత్రమున దానిని ఇంకను కురచచేసినచో చూచువారు అబ్బురపడుదురు, కొనువారు మోసపోవుదురు. వెలుతురును దిద్దుట విద్య. రూపమును మార్చుట అసత్యము. ఎట్లు దిద్దవలెనో చెప్పువాడు నేర్పరి. ఎచట ఆగవలెనో కూడ చెప్పువాడే గురువు.