ఒక్క కణం నుంచి ప్రతిరక్షకం

మోనోక్లోనల్ యాంటీబాడీ అంటే ఒకే బి కణం సంతతి తయారుచేసే, అన్నీ ఒకే రూపంలో ఉండే ప్రతిరక్షకాలు. టీకా వేసిన జంతువు రక్తంలో రకరకాల బి కణాలు విడుదల చేసిన ప్రతిరక్షకాలు కలగలిసి ఉంటాయి. కావలసిన బి కణాన్ని ఏరి విడిగా పెంచుదామంటే అది కొద్ది రోజుల్లోనే చనిపోతుంది.

1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ ఈ చిక్కు విప్పారు. గొర్రె ఎర్ర రక్తకణాలు ఎక్కించిన చిట్టెలుక ప్లీహం నుంచి బి కణాలు తీసి, మైలోమా అనే క్యాన్సర్ కణాలతో సెండాయ్ వైరస్ సాయంతో కలిపారు. తర్వాతి కాలంలో ఈ పనికి పాలిఎథిలీన్ గ్లైకాల్ వాడుకలోకి వచ్చింది. అలా పుట్టిన సంకర కణమే హైబ్రిడోమా. ప్రతిరక్షకం తయారుచేసే గుణం దానికి బి కణం నుంచి, ఆగకుండా విభజన చెందే గుణం మైలోమా నుంచి వస్తాయి.

అసలు నేర్పంతా వడపోతలో ఉంది. కలిపిన కణాల్లో సంకరమయ్యేవి చాలా కొద్ది. అందుకే అన్నిటినీ హాట్ అనే పోషక ద్రవంలో పెంచుతారు. అందులోని అమినోప్టెరిన్ డీఎన్ఏ తయారీకి కావలసిన ప్రధాన మార్గాన్ని మూసేస్తుంది. పక్కదారి పట్టాలంటే హెచ్‌జీపీఆర్‌టీ అనే ఎంజైమ్ ఉండాలి. అది లేని మైలోమా కణాలనే ముందుగా ఎంచుకుంటారు కాబట్టి ఒంటరి మైలోమాలు చనిపోతాయి. ఒంటరి బి కణాలు ఎలాగూ బతకవు. బి కణం నుంచి ఆ ఎంజైమ్ అందుకున్న సంకరాలు మాత్రం మిగులుతాయి. ఇంత సులువైన రసాయన ఎత్తుగడతో ఇంత కచ్చితమైన ఏరివేత జీవశాస్త్రంలో అరుదు. ఆపైన ద్రవాన్ని బాగా పలుచన చేసి, 96 గుంటల పళ్లెంలో గుంటకు ఒక్క కణానికి మించి పడకుండా పోస్తారు. ఏ గుంటలో సరైన ప్రతిరక్షకం ఉందో పరీక్షించి, ఆ కణాలను మళ్లీ విడదీస్తారు.

ఈ పద్ధతికి పేటెంట్ తీసుకోలేదు. 1984లో వారిద్దరికీ, నీల్స్ యెర్నేకూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. 1986లో అమెరికా అనుమతించిన తొలి మోనోక్లోనల్ మందు, మూత్రపిండ మార్పిడిలో వాడిన ఓకేటీ3, పూర్తిగా చిట్టెలుక ప్రోటీనే. మనిషి దేహం దాన్ని పరాయిదిగా గుర్తించి ఎదురుతిరిగేది. అదే ఏడాది గ్రెగ్ వింటర్ బృందం చిట్టెలుక ప్రతిరక్షకంలోని పట్టుకునే భాగాలను మాత్రం మానవ ప్రతిరక్షకంలో అమర్చి చూపింది.

కణాలను కలిపేటప్పుడు చాలా బి కణాలు వృథా అవుతాయి. కొత్త పద్ధతిలో కలపడమే ఉండదు. మెరిసే రంగు తగిలించిన ప్రతిజనకాన్ని (ప్రతిరక్షకం గుర్తించి పట్టుకునే పదార్థాన్ని) పట్టుకున్న బి కణాలను యంత్రం గుంటకొకటి చొప్పున వేరుచేస్తుంది. ఆ ఒక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రతిరక్షకంలోని భారీ, తేలిక గొలుసుల జన్యువులను పీసీఆర్‌తో రాబట్టి, వేరే కణాల్లో పెట్టి ప్రతిరక్షకం చేయిస్తారు. రెండు గొలుసులూ ఒకే కణానివి కావడం ఇక్కడ కీలకం. సహజమైన జోడీ చెదిరితే పట్టు పోవచ్చు. ఎన్నో రకాల హెచ్‌ఐవీని అడ్డుకునే వీఆర్‌సీ01 ఇలాగే ఒక రోగి రక్తం నుంచి దొరికింది, 2010లో వెల్లడైంది.

కోవిడ్ నుంచి కోలుకున్న ఒకరి బి కణాల నుంచి తీసిన బామ్లనివిమాబ్‌పై 2020 జూన్ నాటికే మనుషుల్లో పరీక్షలు మొదలయ్యాయి. అయితే ఒకే ప్రతిరక్షకం వైరస్‌పై ఒకే చోటును పట్టుకుంటుంది. ఆ చోటు మారిన రకాలు వ్యాపించడంతో, దాన్ని ఒంటరిగా వాడేందుకు ఇచ్చిన అనుమతిని 2021 ఏప్రిల్‌లో అమెరికా రద్దు చేసింది.