పెట్టె మీది ఎండ

పెట్టెల్లో తేనెటీగల పెంపకం గురించి శీతల దేశాల పుస్తకాలు తిరగేస్తే ఇన్సులేషన్ అనేది చలికాలపు సంగతిగా కనిపిస్తుంది. ఫిన్లాండ్, డెన్మార్క్‌లలో పెట్టెలనే పాలీస్టైరిన్‌తో పోస్తారు. తిరువూరు మామిడితోటల్లో ఆ బెంగ లేదు. ఇక్కడ గండమంతా ఏప్రిల్ నుంచి తొలకరి దాకా, ముఖ్యంగా రోహిణి కార్తెలో.

పిల్లలున్న గదిని ఈగలు 33 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంచుకుంటాయి. బయట 44 ఉన్నా అంతే. నీళ్లు మోసుకొచ్చి అరల మీద పరిచి, రెక్కలతో విసురుతాయి. ఆ పనిలో పడ్డ ఈగ పూల జోలికి పోదు. మైనం కరగడానికి 62 డిగ్రీలు దాటాలి గానీ, 40 దాటాక మెత్తబడుతూ వస్తుంది. తేనె బరువుకు పట్టు జారే ప్రమాదం అప్పుడే మొదలు. ఓపిక నశిస్తే మన పుట్టతేనెటీగలు గూడు వదిలి లేచిపోతాయి. 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న ఇటాలియన్ ఈగలకు ఆ అలవాటు తక్కువ.

వేడి ఎక్కువగా వచ్చేది పైనుంచి. ఎండకు కాలిన రేకు మూత కింద గూడు ఉడుకుతుంది. అలాగని నాలుగు గోడలకూ మందంగా చుట్టేస్తే మరో చిక్కు: ఈగల ఒంటి వేడి రాత్రిపూట బయటికి పోవాలి కదా! నా మాట అడిగితే డబ్బు పెట్టాల్సింది మూత మీదే.

అంగుళం థర్మోకోల్ సుమారు మూడంగుళాల చెక్కంత వేడిని ఆపుతుంది. కానీ ఈగలకు అందితే కొరికి పొడి చేస్తాయి, మైనపు పురుగు తొలుస్తుంది, చీమలు కాపురం పెడతాయి. రెండు ప్లైవుడ్ పలకల మధ్య బిగించి, అంచులు మూసి వాడాలి. వెండిరంగు ఫోమ్ షీటు రేకుకు అంటుకుపోతే దాని మెరుపు వృథా. మధ్యలో వేలెడు ఖాళీ ఉండాలి.

వరిగడ్డి, తాటాకు చవక. వాటిలో వేడిని ఆపేది చిక్కుకున్న గాలే. నీరు నిశ్చలమైన గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని మోస్తుంది గనుక గడ్డి తడిస్తే ఆపే గుణం పోతుంది, చెదలు కూడా పడతాయి. తడి గోనెసంచి సంగతి వేరు: ఆవిరై చల్లబరుస్తుంది. పొడి వడగాలిలో బాగా పనిచేస్తుంది, ఉక్కపోతలో అంతంతే. దాంతో ఈగల దారి మాత్రం మూయొద్దు.

వీటన్నిటికంటే ముందు పెట్టెను మామిడిచెట్టు నీడకు జరపాలి, దగ్గర్లో నీళ్లతొట్టి పెట్టాలి. ఆపైన మధ్యాహ్నం రెండింటికి, ఈగలు రేగకుండా చూసుకుని, మూత ఎత్తి లోపలివైపు అరచెయ్యి ఆనించండి. చెయ్యి నిలవకపోతే ఆ మూతకు ఇంకా పని ఉంది.